చూసినవారెవరు? రాసినవారెవరు?

అడవిలో ఒక సీతాకోకచిలుక ఎగురుతూ ఉంటుంది. పశువుల వెంట తిరిగే పిల్లవాడు దాన్ని రోజూ చూస్తాడు. అది ఏ ఆకు మీద గుడ్డు పెడుతుందో, ఏ వాగు ఒడ్డున తడి ఇసుక మీద వాలుతుందో, ఏ నెలలో కనబడకుండా పోతుందో వాడికి తెలుసు. ఒకరోజు పట్నం నుంచి కెమెరా పట్టుకుని ఒకాయన వస్తాడు. పిల్లవాడు దారి చూపిస్తాడు. ఆయన ఫొటో తీసుకుని వెళ్తాడు. కొన్నాళ్లకు ఆ సీతాకోకచిలుకను ఈ ప్రాంతంలో తొలిసారి కనుగొన్నట్టు ఆయన పేరుతో వార్త వస్తుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. రాతలో అది తొలిసారే. చూపులో మాత్రం తొలిసారి కాదు. మరి దాన్ని కనుగొన్నది ఎవరు?

చిన్న పురుగు గురించి ఇంత పెద్ద ప్రశ్న ఎందుకని కొందరు అడగవచ్చు. ఇప్పుడు మన గూడేల్లోని పిల్లల చేతుల్లోనూ ఫోన్లు ఉన్నాయి. 2020 నుంచి దేశంలో ఏటా సెప్టెంబరు నెలను సీతాకోకచిలుకల నెలగా జరుపుతున్నారు. ఎవరైనా ఫొటో తీసి, తేదీ, చోటు రాసి పంపవచ్చు. బడుల్లో కూడా ఈ పని చేయించమని అడుగుతున్నారు. మంచి పనే. పిల్లలు ఎండలో నిలబడి ఒక ప్రాణిని ఓపికగా చూడటం నేర్చుకుంటారు. అయితే చేయించే ముందు ఉపాధ్యాయులుగా, ఆదివాసులుగా మనం ఆలోచించుకోవలసినవి ఉన్నాయి. పేరు చెప్పగలిగితే తెలిసినట్టేనా? తెలిసినదంతా రాయవచ్చా? రాసినవారికి ఆ ప్రాణి పట్ల, ఆ చోటు పట్ల, దాన్ని చూపించినవారి పట్ల ఏమైనా బాకీ ఉంటుందా?

పేర్లు ఎక్కడివి?

ముందు పేర్ల సంగతి చూద్దాం. తెలుగులో సీతాకోకచిలుక అంటాం. ఆ మాటలో సీత ఉంది, ఆమె కట్టిన కోక ఉంది. రామాయణం విన్నవాళ్లు పెట్టుకున్న పేరు అది. ఇంగ్లిషు పుస్తకాలు తెరిస్తే కమాండర్, సార్జెంట్, లాస్కార్, బారన్, డ్యూక్, నవాబ్ అని కనబడతాయి. బ్రిటిష్ పాలనలో ఈ దేశపు సీతాకోకచిలుకలను పట్టి, పుస్తకాలు రాసినవారిలో సైన్యాధికారులు చాలామంది. భారతదేశపు సీతాకోకచిలుకలను గుర్తించడంపై 1927లో పుస్తకం వేసిన ఇవాన్స్ సైన్యంలో బ్రిగేడియర్. మన మామిడాకు తిని పెరిగే ఒక పురుగు చివరికి 'కామన్ బారన్' అయింది. జమీందారీ బిరుదు దానికి ఎవరిచ్చారో దానికి తెలియదు.

శాస్త్రీయ నామాల కథ ఇంకా పాతది. స్వీడన్ దేశస్థుడు లినేయస్ 1758లో ప్రచురించిన గ్రంథమే నేటికీ జంతువుల శాస్త్రీయ నామాలకు మొదలు. ఆయన గ్రీకు పురాణాలు చదువుకున్న మనిషి. అందుకే పెద్ద రెక్కల సీతాకోకచిలుకలకు ట్రాయ్ యుద్ధంలోని వీరుల పేర్లు పెట్టాడు. నల్ల రెక్కల మీద ఎర్రటి చుక్కలతో, ఎర్రటి ఒంటితో మన అడవుల్లో తిరిగే క్రిమ్సన్ రోజ్‌కు ఆయన ఇచ్చిన పేరు హెక్టర్. దాని పిల్ల తినేది ఈశ్వరి తీగ ఆకు. ట్రాయ్ కోటకూ ఈశ్వరి తీగకూ ఏ సంబంధమూ లేదు.

ఇదంతా ఆ పేర్లను పారేయమని చెప్పడానికి కాదు. ప్రపంచమంతా ఒప్పుకున్న ఒక పేరు ఉండటం వల్లే కేరళ పిల్లా, ఒడిశా పిల్లా, మన పిల్లా ఒకే ప్రాణి గురించి మాట్లాడుకోగలుగుతారు. కాకపోతే ప్రతి పేరులోనూ పేరు పెట్టినవారి లోకం ఉంటుందని పిల్లలకు చెప్పాలి. సైనికుడు హోదాలు చూశాడు, పండితుడు పురాణం చూశాడు. ఆ ప్రాణి మాత్రం తన ఆకు వెతుక్కుంటూ పోయింది.

మన భాషల సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ప్రతి సీతాకోకచిలుకకూ కోయలోనో గోండిలోనో సవరలోనో వేరే పేరు ఉందని గొప్పలు పోనక్కర్లేదు. తినే గడ్డలకూ, పుట్టగొడుగులకూ, తేనెటీగలకూ మన పెద్దలు విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. బతుకుకు పనికొచ్చే చోట తేడా తప్పక తెలియాలి. కడుపు నింపని వాటిని చాలావరకు ఒకే పేరుతో పిలిచారు. అయితే పేరు లేనంత మాత్రాన ఎరుక లేనట్టు కాదు. 'వానకు ముందు వాగులో గుంపుగా వాలేవి', 'రేల చెట్టు చుట్టూ తిరిగే పసుపువి' అని చెప్పే మనిషికి ఆ ప్రాణి బతుకు తెలుసు. ఆ రేల చెట్టు పేరుతోనే మన పాటలున్నాయి. దాని లేత ఆకు మీదే లెమన్ ఎమిగ్రెంట్ అనే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. పేరు మాత్రమే తెలిసినవారికి చెట్టు తెలియాలి. చెట్టు తెలిసినవారికి పేరు తెలియాలి. రెండూ కలిస్తేనే చదువు.

గుర్తుపట్టడం ఒక నీతి

సీతాకోకచిలుకను గుర్తుపట్టడం చూసినంత తేలిక కాదు. జిల్లేడు మొక్కల దగ్గర నారింజ రంగు రెక్కలు, వాటి కొసల్లో నలుపూ తెలుపూ ఉన్న ప్లెయిన్ టైగర్‌ను అందరూ చూసే ఉంటారు. దాని పిల్ల జిల్లేడు ఆకు తింటుంది. ఆ పాలలోని విషం ఒంట్లో నిలుస్తుంది. తిన్న పిట్ట కక్కుకుంటుంది, ఇంకోసారి ముట్టదు. డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో జాతిలో ఆడది అచ్చం ఈ ప్లెయిన్ టైగర్‌లాగే ఉంటుంది. దానికి ఆ విషం లేదు. వేషం వేసుకుని పిట్టల నుంచి తప్పించుకుంటుంది. దాని మగది చూడబోతే నల్లగా, తెల్లటి పెద్ద మచ్చలతో వేరే జాతిలా కనబడుతుంది.

కరివేపాకు మీద పెరిగే కామన్ మార్మన్ ఇంకా చిత్రం. అందులో ఆడవి మూడు రూపాల్లో ఉంటాయి. ఒకటి మగదానిలాగే ఉంటుంది. మిగతా రెండూ, పిట్టలు ముట్టని కామన్ రోజ్, క్రిమ్సన్ రోజ్‌లను పోలి ఉంటాయి. వరిచేల దగ్గర పొద్దుగూకే వేళ లేచే ఈవెనింగ్ బ్రౌన్‌కు వానాకాలంలో రెక్కల అడుగున కళ్లలాంటి చుక్కలుంటాయి. ఎండాకాలంలో పుట్టినదానికి ఆ చుక్కలు చాలావరకు పోయి, అచ్చం ఎండుటాకులా ఉంటుంది. రెండు కాలాల్లో రెండు రూపాలు, జాతి ఒక్కటే.

అంటే ఒక్క చూపుతో తీర్పు చెప్పకూడదు. రెక్కల పైభాగం చూడాలి, అడుగుభాగం చూడాలి, ఏ ఆకు మీద గుడ్డు పెట్టిందో చూడాలి, కాలం చూడాలి. అప్పటికీ తేలకపోతే 'తెలియదు' అని రాయాలి. మన బడుల్లో పిల్లలకు ఇదే కష్టం. ఖాళీ వదిలితే మార్కులు పోతాయని చిన్నప్పటి నుంచి నేర్పాం. అందుకని ఏదో ఒక పేరు రాసేస్తారు. సీతాకోకచిలుకల పుస్తకంలో తప్పుడు పేరు కంటే ఖాళీ గడి విలువైనది. ఒక తప్పు పేరు వంద మంది చూసి నమ్మితే, లేని ప్రాణి ఉన్నట్టూ ఉన్న ప్రాణి లేనట్టూ అవుతుంది. 'తెలియదు' అని ధైర్యంగా రాయగలిగిన పిల్ల రేపు పంచాయతీలో, కోర్టులో, ఓటు దగ్గర కూడా తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పదు. మాకు తెలిసి ఈ పనిలోని మొదటి నీతి ఇదే.

మనల్నీ ఇలాగే రాశారు

పైపైన చూసి రాయడం ఎలా ఉంటుందో మన జాతులకు బాగా తెలుసు. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారతదేశపు కులాలు, తెగల గురించి 1909లో ఏడు సంపుటాలు వేశాడు. అందులో కోయలూ ఉన్నారు. ఆయన మనుషుల ముక్కులు, తలలు కొలతలు వేయించుకున్న అధికారి. పురుగులూ పిట్టలూ ఉండే మ్యూజియం అధికారే మనుషులనూ కొలిచి వర్గాలుగా పెట్టాడు. ఆ సంపుటాల్లో నేడు మనకు పనికొచ్చే సమాచారం ఉంది, కాదనం. కానీ కొలత ఇచ్చిన మనిషి ఏమనుకున్నాడో ఆ లెక్కల్లో కనబడదు.

రాయడంలో ఇంకో దారి కూడా ఉంది. హైమన్‌డార్ఫ్ కూడా బయటి నుంచి వచ్చినవాడే. ఆయన 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, వాళ్ల భూముల కోసం నిజాం ప్రభుత్వంతో మాట్లాడాడు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టించాడు. ఆయన కూడా పుస్తకాలు రాశాడు. అయితే తాను ఎవరి గురించి రాశాడో వాళ్ల చేతికే బలపం అందేలా చూశాడు. అందుకే మార్లవాయి ఆయన్ను నేటికీ తలుచుకుంటుంది. మాలాంటి ఆదివాసీ ఉపాధ్యాయులం ఈ ప్రాంతాల్లో బడి చెప్పగలుగుతున్నామంటే, దాని వెనుక అలాంటి మొదళ్లు ఉన్నాయి.

ప్రకృతి శాస్త్ర చరిత్రలో ఒక పేరు కూడా పిల్లలకు చెప్పాలి. ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ పందొమ్మిదో శతాబ్దంలో మలయా దీవుల్లో వేల సంఖ్యలో సీతాకోకచిలుకలను, పిట్టలను సేకరించాడు. ఆయనతో అలీ అనే స్థానిక యువకుడు ఏళ్ల తరబడి పనిచేశాడు. 1858లో బచన్ దీవిలో శాస్త్రానికి అప్పటిదాకా తెలియని ఒక పిట్టను కొట్టి తెచ్చినవాడు అలీ. ఆ పిట్ట శాస్త్రీయ నామంలో నిలిచింది వాలెస్ పేరు. అయితే వాలెస్ ఒక మంచి పని చేశాడు. దాన్ని తెచ్చింది అలీ అని తన పుస్తకంలో రాశాడు. ఆ కొద్ది మాటలు రాయకపోయి ఉంటే అలీ ఎవరో మనకు తెలిసేది కాదు. చూపించినవారి పేరు రాయడానికి పెద్ద ఖర్చేమీ లేదు. రాయకపోతే పోయేది మాత్రం చాలా ఉంది.

రాయకూడనివి

ఇప్పుడు కష్టమైన ప్రశ్నకు వద్దాం. అన్నీ రాయవచ్చా?

క్రిమ్సన్ రోజ్ సంగతే తీసుకోండి. అది గుడ్లు పెట్టే ఈశ్వరి తీగ, మందు వేరుగా పేరున్న మొక్క. ఒక విద్యార్థి ఎంతో ఇష్టంగా ఆ సీతాకోకచిలుక తీగ మీద గుడ్డు పెడుతుండగా ఫొటో తీసి, గుట్ట పేరుతో, ఫోన్ చూపిన కచ్చితమైన చోటుతో సహా లోకానికి పంపాడనుకుందాం. వాడు పంపింది సీతాకోకచిలుక గురించిన సమాచారం. వేర్ల వ్యాపారికి అందులో దొరికేది తీగ ఉన్న చోటు. ఒక ప్రాణిని రాయబోయి, దాని తిండినీ, మన మందునీ, గుట్ట దారినీ కలిపి రాశాం. ఒక్క ఫొటోలో ఎన్ని రహస్యాలుంటాయో తీసిన పిల్లవాడికి తెలియదు. తెలియజేయడం మన పని.

సీతాకోకచిలుకలకు కూడా దొంగలున్నారు. 2008లో డార్జిలింగ్ దగ్గరి సింగలీలా జాతీయ ఉద్యానవనంలో అనుమతి లేకుండా కీటకాలను సేకరించారని చెక్ దేశస్థులు ఇద్దరిని అరెస్టు చేశారు. కేసు కోర్టుకు వెళ్లింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాబితాల్లో కొన్ని సీతాకోకచిలుకలు కూడా ఉన్నాయి. అరుదైన జీవుల విషయంలో కచ్చితమైన చోటును మరుగుపరిచే ఏర్పాటు కొన్ని అంతర్జాల వేదికల్లోనే ఉంది. జిల్లా పేరు, మండలం పేరు వరకు చాలు. ఏ గుట్ట, ఏ వాగు మలుపు అన్నది ఊరి పుస్తకంలో ఉంటే సరిపోతుంది.

చంపి సూదికి గుచ్చి దాచడం గురించి కూడా పిల్లలు అడుగుతారు. కొన్ని చిన్న జాతులను లోపలి అవయవాలు చూస్తే తప్ప శాస్త్రవేత్తలు కూడా తేల్చలేరు. అనుమతితో, అవసరమైనంత మేరకు సేకరించే పనిని మనం తప్పుపట్టం. మనమూ ప్రాణం తీయనివాళ్లం కాదు. చెన్నూరు, మహదేవ్‌పూర్ వైపు మద్ది చెట్ల మీద దసలి పట్టు పెంచేవాళ్లకు గుడ్డు నుంచి గూడు దాకా ఆ పురుగు బతుకంతా తెలుసు. పట్టు తీయాలంటే గూట్లోని ప్రాణం పోతుందనీ తెలుసు. అందుకే కొన్ని గూళ్లను విత్తనానికి వదులుతారు. మామిడి కొత్త పండుగ చేయకముందు కాయ తెంపం. గడ్డ తవ్వినప్పుడు తీగ మొదలును మళ్లీ మట్టిలో కప్పి వస్తాం. తీసుకోవడానికి ఒక కాలం, ఒక కొలత ఉంటాయని మన పెద్దలు పెట్టిన కట్టు అది. ఆ కొలత ప్రకారం చూస్తే, బడి పిల్లలు పేరు నేర్చుకోవడానికి ఒక్క సీతాకోకచిలుకనూ చంపనక్కర్లేదు. పట్టుకోనూ అక్కర్లేదు. వేళ్లకు అంటుకునే ఆ పొడి దాని రెక్కల పొలుసులే. అవి ఊడితే మళ్లీ రావు.

అయితే అసలు రాయడం ఎందుకు?

మన పెద్దల్లో కొందరు సూటిగా అడుగుతారు. 'మనం రాసి పెడితే అది అరుదైన జీవి అంటారు. రేపు ఆ జీవి పేరు చెప్పి మనల్ని అడవిలోకి రానివ్వకపోతే?' ఈ భయం ఊరికే పుట్టలేదు. జంతువుల రక్షణ పేరుతో ఊళ్లు కదిలిన సంగతి అందరికీ తెలుసు. యువకులు ఇంకో మాట అంటారు. 'పోడు పట్టాలే తేలలేదు, సీతాకోకచిలుకల లెక్క ఎవరికి కావాలి?' ఈ రెండు మాటలకూ జవాబు చెప్పకుండా పిల్లల చేతికి పుస్తకం ఇవ్వడం సరికాదు.

మేం ఆలోచించినంతలో జవాబు ఇది. మనం రాయకపోతే ఎవరూ రాయరని కాదు. వేరేవాళ్లు రాస్తారు. వాళ్ల రాతలో అడవి ఉంటుంది, సీతాకోకచిలుక ఉంటుంది, మనం ఉండం. ఉన్నా అడవికి బరువుగా ఉంటాం. మనం రాస్తే ఆ చెట్టును నరకకుండా ఉంచింది ఎవరో కూడా ఆ రాతలోకి వస్తుంది. ఉదాహరణకు, మ్యాపులో జామాయిల్ తోట కూడా పచ్చగానే ఉంటుంది. మన రేల, మారేడు, మద్ది, మోదుగ ఉన్న అడవీ పచ్చగానే ఉంటుంది. పిల్లలను ఒకే రోజు, ఒకే వేళ, రెండింటిలోనూ అంతే దూరం నడిపించి సీతాకోకచిలుకలను లెక్కపెట్టమనండి. మకరందం కోసం వచ్చి పోయేవాటిని పక్కన పెట్టి, గుడ్లు పెట్టేవాటిని చూడమనండి. ఏ పచ్చదనం అడవో, ఏది తోటో ఆ పుస్తకమే చెబుతుంది. పత్తి చేలల్లో గడ్డిమందు కొట్టిన తర్వాత గట్ల మీద జిల్లేడూ గిలిగిచ్చా పోతే ఏమేమి కనబడకుండా పోయాయో కూడా అదే చెబుతుంది. తేదీలతో ఉన్న పుస్తకం సాక్ష్యం. 'ఒకప్పుడు చాలా ఉండేవి' అన్న మాట జ్ఞాపకం. అధికారి ముందు రెండింటి బరువు ఒకటి కాదు.

చట్టం కూడా ఇందుకు దారి ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టంలోని 3(1)(కె) నిబంధన జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి హక్కు ఉందంటోంది. అయిదో సెక్షన్ వన్యప్రాణులనూ, అడవినీ, జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారం హక్కుదారులకూ గ్రామసభకూ ఇస్తోంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థలు కమిటీలు వేసుకుని, ప్రజల జీవవైవిధ్య రిజిస్టరు రాసుకోవాలి. ఎక్కడో కూర్చుని కాగితాలు నింపేస్తే ఆ రిజిస్టరు చచ్చిన పుస్తకం అవుతుంది. బడి పిల్లలు ప్రతి వారం రాసిన పుస్తకం దానికి ప్రాణం పోస్తుంది. అందుకే మనం రాసేది ముందు గ్రామసభ ముందుకు రావాలి. ఏది బయటికి పంపాలో, ఏది ఊళ్లోనే ఉండాలో అక్కడ తేలాలి.

బడిలో చేయగలిగింది

తోటి ఉపాధ్యాయులకు మా సూచన ఇది. వారానికి ఒక రోజు, ఎండ కాస్త ఎక్కిన తర్వాత, ఒకే దారిలో పిల్లలతో అరగంట నడవండి. ఒక మామూలు నోటుబుక్కు చాలు. తేదీ, వేళ, ఎండా మబ్బా, ఏ మొక్క మీద, ఏం చేస్తోంది, ఎన్ని ఉన్నాయి అని గడులు గీయండి. మన భాషలో ఏమంటారో ఒక గడి. పుస్తకంలోని పేరుకు ఒక గడి. 'తెలియదు' అని రాసే చోటు ఇదే. చివరి రెండు గడులు మరచిపోవద్దు: మొదట చూసినవారు, రాసినవారు. మొదట చూసింది మేకలు కాసే అవ్వ అయితే ఆమె పేరే రాయాలి. ఆ పేరు బయటికి పంపవచ్చా అని ఆమెనే అడగాలి.

కనబడని వారం కూడా రాయాలి. 'ఈ వారం ఏమీ కనబడలేదు' అన్నది కూడా సమాచారమే. ఏళ్ల తర్వాత చూసేవారికి ఆ ఖాళీ వారాలే ఎక్కువ చెబుతాయి.

ఇదంతా పట్నపు పండితుల పని అని ఎవరైనా అంటే వింటర్-బ్లైత్ పేరు చెప్పండి. భారత ప్రాంతపు సీతాకోకచిలుకల మీద 1957లో వచ్చిన, ఇప్పటికీ అందరూ తిరగేసే పుస్తకం ఆయనది. ఆయన రాజ్‌కోట్‌లో ఒక విద్యాసంస్థకు ప్రిన్సిపాల్. అంటే బడి పంతులే. ఆయనకు లేనిది మనకు ఒకటుంది. ఈశ్వరి తీగ ఎక్కడ పాకుతుందో, రేల ఎప్పుడు చిగురిస్తుందో తెలిసిన అవ్వలూ తాతలూ మన పక్కనే ఉన్నారు. వాళ్లు ఉన్నప్పుడే అడగాలి.

మొదట వేసిన ప్రశ్నకు మా జవాబు ఇది. రోజూ చూసినవాడు కనుగొన్నాడు, తేదీ వేసి రాసినవాడు దాన్ని నలుగురికీ అందించాడు. రెండూ గౌరవం ఉన్న పనులే. ఒకరి పేరు తుడిచి ఇంకొకరి పేరు రాసినప్పుడే అది దొంగతనం అవుతుంది. ఇన్నాళ్లూ మనం చూసేవాళ్లుగానే మిగిలిపోయాం. ఇకమీదట చూసిన కన్నూ రాసే చెయ్యీ ఒకే ఊరివి కావాలి. ఏం రాయాలో ఎంత తెలియాలో, ఏం రాయకూడదో కూడా అంతే తెలియాలి. ఈ సెప్టెంబరులో మీ బడి పుస్తకం మొదటి పేజీ మీద తేదీ వేయండి.